పోర్టులు లెక్కపెట్టారు సరే, వాట్లెవరు లెక్కపెడతారు?

మొన్న వేసవిలో నాన్నకి ఒంట్లో బాగోలేక మా వైపు ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చాం. గద్వాలా, వనపర్తా, నాగర్‌కర్నూలా అని అడక్కండి, చెప్పను. మూడిట్లో ఎక్కడైనా జరిగేదే. రాత్రి గాలిదుమారానికి కరెంటు పోయింది. నిమిషంలోపే జనరేటర్ అందుకుంది. లైట్లు వెలిగాయి, ఫ్యాన్లు తిరిగాయి. నర్సు బల్ల మీది ఫోను మాత్రం చచ్చి పడుంది. సెల్ సిగ్నల్ ఆ మూలకి ఎప్పుడూ రాదట. పై అంతస్తులో ఉన్న డ్యూటీ డాక్టరు కోసం ఆమె మెట్లెక్కి పరిగెత్తింది.

జరిగిందేమిటంటే, ఫోన్లు, కెమెరాలు, వైఫై డబ్బాలు అన్నీ ఒకే పీఓఈ స్విచ్ నుంచి కరెంటు తీసుకుంటున్నాయి. దానికి యూపీఎస్ లేదు. అది మళ్ళీ బూటై, ఫోను రిజిస్టరయ్యేసరికి ఐదు నిమిషాలు. పది నిమిషాలు నిలబెట్టే చిన్న యూపీఎస్ ఉంటే ఆవిడ పరిగెత్తే పనే లేదు. నాన్న ఇప్పుడు కులాసాగానే ఉన్నారు. నాకే ఇంకా మండుతోంది.

పాత ల్యాండ్‌లైన్ గుర్తుందా? ఊరంతా చీకటైనా అది మోగేది. ఎందుకంటే ఎక్స్ఛేంజిలో 48 వోల్టుల బ్యాటరీలు ఉండేవి, ఫోనుకి కరెంటు ఆ తీగలోనే వచ్చేది. పీఓఈ కూడా అదే ఆలోచన కదా! మాటా కరెంటూ ఒకే తీగలో. మనవాళ్ళు తీగని తెచ్చుకున్నారు, బ్యాటరీ గదిని మర్చిపోయారు. అంతకుముందు ఫోనుకో అడాప్టరు, కెమెరాకో అడాప్టరు. ఒకటి పోతే ఒకటే పోయేది. ఇప్పుడు స్విచ్ పోతే మూకుమ్మడిగా పోతాయి.

ఇక వాట్ల సంగతి. 2003 నాటి 802.3ఏఎఫ్ ప్రకారం పోర్టుకి 15.4 వాట్లు. 2009లో ఏటీ వచ్చి 30 చేసింది. 2018లో బీటీ 90 దాకా తీసుకెళ్ళింది. 24 పోర్టుల స్విచ్ మీద 370 వాట్లని రాసుంటే అది 24 x 15.4 అన్నమాట. 30 వాట్ల చొప్పున ఇస్తే పన్నెండు పోర్టులకే సరి. ఆ పైన ఏ పోర్టుని ఆపాలో ప్రయారిటీ చూసి స్విచ్చే తేలుస్తుంది. మనం ప్రయారిటీ పెట్టకపోతే చాలా స్విచ్‌లలో చిన్న నంబరు పోర్టుదే గెలుపు. పార్కింగ్ కెమెరా 1లో, నర్సు ఫోను 23లో ఉంటే ఏది ఆగుతుందో మీరే చెప్పండి.

"మేం రెండు పవర్ సప్లైలు పెట్టాం, నాలుగు స్విచ్‌లకి కరెంటు ఉమ్మడిగా పంచాం" అంటారు పెద్ద బడ్జెట్టు వాళ్ళు. మంచిదే, ఒక సప్లై చెడితే పక్క స్విచ్ ఆదుకుంటుంది. కానీ ప్లగ్గులన్నీ ఒకే ఎక్స్‌టెన్షన్ బోర్డుకి గుచ్చితే పంచుకోడానికి ఏం మిగులుతుంది, చీకటి తప్ప? ఒకటి యూపీఎస్‌కి, ఇంకొకటి మామూలు లైనుకి వెళ్ళాలి.

జనరేటర్ లేనిచోట లెక్క వేరే. 8 ఫోన్లు 5 వాట్ల చొప్పున 40. 10 కెమెరాలు 8 చొప్పున 80 (రాత్రిపూట ఇన్‌ఫ్రారెడ్ లైట్లు వెలిగితే ఎక్కువే తాగుతాయి, పగటి లెక్క వెయ్యకండి). 3 వైఫై డబ్బాలకి 39. స్విచ్, ఫైబర్ డబ్బా, రౌటర్ తిండి 70. మొత్తం 230 వాట్లు. 150 ఏహెచ్, 12 వోల్టుల బ్యాటరీ కాగితం మీద 1800 వాట్-అవర్లు. సగమే వాడాలి, ఇన్వర్టర్ నష్టం పోను 750 చేతికొస్తాయి. అంటే మూడు గంటల పైచిలుకు. ఇది రాకెట్ సైన్సా? ఐదో తరగతి భాగహారం!

ఇంటి ఇన్వర్టర్ తగిలిస్తే యూపీఎస్ మోడ్‌లో పెట్టండి. లేకపోతే మారే ఆ క్షణంలోనే స్విచ్ రీబూటవుతుంది. మన ఎండల్లో బ్యాటరీని మెట్లకింద అలమారాలో బిగించకండి. వేడి పది డిగ్రీలు పెరిగితే దాని ఆయుష్షు సుమారు సగమవుతుంది.

"ఇప్పుడు కరెంటెక్కడ పోతోంది? పక్కనే జూరాల ఉందిగా" అంటారు. ఉంది, 234 మెగావాట్లు. నాగర్‌కర్నూలు జిల్లాలో 900 మెగావాట్ల శ్రీశైలం ఎడమగట్టు కేంద్రం కూడా ఉంది. 2020 ఆగస్టు 20 రాత్రి అక్కడే మంటలు లేచి తొమ్మిది మంది పోయారు. కరెంటు పుట్టే చోటుకే అభయం లేనప్పుడు, వీధి చివర ట్రాన్స్‌ఫార్మర్‌ని నమ్ముకుంటామా? పైగా కోతలు తగ్గినకొద్దీ బ్యాకప్‌ని పట్టించుకునేవాడే ఉండడు.

నేను తిట్టేది ఎలక్ట్రీషియన్ని కాదు, మనల్నే. హైదరాబాదులో కూర్చుని క్లౌడ్‌లో మూడు కాపీలు దాస్తాం. జిల్లాకి పంపే కొటేషన్లో మాత్రం యూపీఎస్ లైను కొట్టేస్తాం, ఎల్1 రావాలిగా! వనపర్తి, నాగర్‌కర్నూలుకి 2022లో, గద్వాలకి 2024లో ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి. రేపు అలాంటి చోట స్విచ్‌లు బిగించేదీ మనలాంటివాళ్ళమే. బిల్లు పాసయ్యే ముందు ఒక్క పని చెయ్యండి: మెయిన్ ఆపేసి, నర్సు ఫోనెత్తి డయల్ టోన్ వినండి. రాకపోతే సంతకం పెట్టకండి.