అంటు క్రింది పాలచెట్టు

సపోటాతోట గల రైతు ఎవ్వరైనను ఒకమాఱు వంగి తన చెట్టు మొదలు పరికించునెడల అచ్చట ఒక యతుకు కానవచ్చును. అతుకునకు పైనున్నది అమెరికా ఖండమునుండి వచ్చిన సపోటా. క్రిందనున్నది మన యడవిలో పుట్టిన పాలచెట్టు. పాలమొక్కమీద సపోటాకొమ్మను అంటుగట్టుట మన తోటమాలులకు చిరకాలముగా వాడుకయైన పని. బెట్టకు తాళునదియు, గట్టినేలలో వేరూని నీరు వెదకికొనునదియు ఆ క్రింది చెట్టే. ఐనను తన తలను తాను పెంచుకొని, తన పూవు పూచి, తన పండు పండించు భాగ్యము దానికి మన తోటలో లేదు. అతుకునకు దిగువ నది యొక్క చిగురు వేసినను మాలి కత్తితో కోసివేయును. పండు సపోటాది, పాటు పాలది.

ఇది పాలచెట్టున కొక్కదానికే కలిగిన దుర్గతి కాదు. మెట్టపొలముల గట్లమీదను, చెఱువుకట్టలమీదను, కొండవాలులందును ఎవ్వరును నాటకయే పెరిగి, ఎవ్వరును నీరు పోయకయే కాచిన పండ్లచెట్లన్నింటి గతియు ఇట్లేయున్నది. తునికి, మొర్రి, నేరేడు, వెలగ, రేగు, పరికి, కలివె, ఈత, జాన - ఈ పేర్లు వినినంతనే పల్లెటూరిలో పెరిగిన పాఠకులకు నోరూరక మానదు. వేసవిలో పసులకాపరులకు పూటబత్తెమైనవి ఇవి. కఱవునాడు బీదసాదల కడుపు నింపినవి ఇవి. వినాయకచవితినాడు పాలవెల్లికి వెలగకాయ కట్టుదుము. భోగినాడు పసిబిడ్డల తలపై రేగుపండ్లు పోయుదుము. పండుగనాడు దేవునికి కావలసిన పండు మఱునాడు మన తోటకు అక్కఱలేకపోయినది!

మామిడి విషయమున మన పెద్దలు ఇట్లు ప్రవర్తింపలేదు. బంగినపల్లిని ఏ ప్రయోగశాలయు సృష్టింపలేదు. ఎచ్చటనో ఒక చెట్టు మేలైన పండు కాచినది. దానిని తినిన వాడొకడు మెచ్చి, గుర్తుంచుకొని, ఆ కొమ్మను అంటుగట్టి పెంచినాడు. పొరుగువాడు అడిగి తీసికొనినాడు. పెద్దరసము, చిన్నరసము, చెఱకురసము, సువర్ణరేఖ మొదలగునవి ఇట్లు జనుల యెన్నికవలన నిలిచినవే. 2017లో బంగినపల్లికి భౌగోళిక గుర్తింపు లభించినపుడు మనమందఱము సంతోషించితిమి. కాని ఆ కీర్తికి మూలము పేరు తెలియని యొక తోటకాపు నాలుకయని తలచినవారు తక్కువ.

సీతమ్మ పేరు పెట్టుకొనినంతమాత్రమున సీతాఫలము మన దేశపుది కాలేదు. అదియు జామ, బొప్పాయి, సపోటాలవలె అమెరికా ఖండమునుండి సముద్రము దాటి వచ్చినదే. ఐనను పాలమూరు ప్రాంతమున మంచి చెట్లను ఏరి పెంచగా నేడు బాలానగరు సీతాఫలమని దేశమంతట పేరు వడసినది. పరదేశపు పండ్లను నిందించుట మా యుద్దేశము కాదు. అతిథిని ఆదరించిన చేయి ఇంటిబిడ్డను ఏల మఱచినదని మాత్రమే మేమడుగుచున్నాము. పాలపండునకు గాని, మొర్రిపండునకు గాని బంగినపల్లివంటి పేరొకటి మన యే సంతలో వినవచ్చుచున్నది?

అడవిపండు చిన్నది, గింజ పెద్దది, వగరెక్కువ, బజారులో కొనువాడు లేడు అని కొందఱందురు. అడవిమామిడియు చిన్నదే, పీచు గలదే, పుల్లనిదే. ఒకే యడవిలోని రెండు చెట్ల పండ్లు ఒక్కతీరుగ నుండవని పసులకాపరి యెఱుగును. ఒక నేరేడు నాలుకకు వగరు. దాని ప్రక్కచెట్టు తేనె. ఆ భేదమే తోటపనికి పెట్టుబడి. గుజరాతులో గోధ్రాయొద్ద గల కేంద్ర ఉద్యాన ప్రయోగస్థానమువారు ఈ సత్యమును గ్రహించి, చెట్టుచెట్టును పరీక్షించి, నేరేడులో గోమ ప్రియాంక, మారేడులో గోమ యశి, పాలలో థార్ ఋతురాజ్, మొర్రిలో థార్ ప్రియ అను వంగడములను వెలువరించిరి. వారి నేలయు మన రాయలసీమ నేలవలె వానకై ఎదురుచూచు మెట్టయే.

కర్ణాటకమున తుమకూరు జిల్లాలో ఒక రైతు పొలమున రాగివన్నె తొనలు గల పనసచెట్టొకటి యుండెను. బెంగళూరునొద్ద హెసరఘట్టలోని ఉద్యాన పరిశోధనసంస్థవారు 2017లో ఆ రైతుతో ఒడంబడిక చేసికొని, చెట్టును నాటిన అతని తండ్రి పేరు మీదుగా దానికి సిద్దు అని పేరిడి, అంటుమొక్కల విక్రయమువలన వచ్చు ఆదాయములో అధికభాగము ఆ కుటుంబమునకే చెందునట్లు చేసిరి. చెట్టు పరిశోధనశాలలో లేదు; రైతు పెరటిలోనే యున్నది. అది యున్నదని గుర్తించుటయే అచ్చట జరిగిన ఘనకార్యము.

మనకట్టి చెట్లు లేవా? కలవు. కాని దినదినమును తఱుగుచున్నవి. ట్రాక్టరు తిరుగుటకై గట్లు చదునుచేయుచున్నాము. గట్టుతోడనే గట్టుమీది రేగును వెలగయు పోవుచున్నవి. బాటలు వెడల్పు చేయునపుడు మొదట కూలునవి బాటప్రక్క నేరేళ్లే. మొర్రిగింజలోని సారపప్పు మిఠాయి దుకాణమున జీడిపప్పుతో పోటీపడు వెల పలుకును. అందువలననే పండు పండకముందే, పొరుగువాడు కోసికొనునను భయముతో, కొమ్మలనే నఱకి కాయలు దూయుచున్నారు. తునికియాకు బీడీకి కావలెనని ఏటేట కొమ్మ గొట్టి చెట్టును పొదగనే యుంచుచున్నాము. పొద యాకిచ్చును గాని పండీయదు. పాలచెట్టు మిక్కిలి మెల్లగా పెరుగు జాతి. ఒక ముదిపాలను కొట్టుటకు ఒక పూట చాలును. అట్టిదానిని మరల చూచుటకు రెండు తరములు కావలెను. అన్నిటికంటె శోచనీయమైన దింకొకటి కలదు. ఏ గుట్టమీది చెట్టు పండు తీయనిదో యెఱిగిన వృద్ధులు గతించుచున్నారు. చెట్టు నిలిచియున్నను దాని జాడ చెప్పువాడు పోయినచో మనకది లేనట్లే.

చెట్లు పెంచవలెనను ఉత్సాహము నేడు దేశమున లేకపోలేదు. నిన్నమొన్నటివఱకు వీధులవెంట కోనోకార్పసును వరుసలు వరుసలుగా నాటితిమి. ఇపుడు అది వలదనుకొనుచున్నాము. బాలురచేత విత్తనపుబంతులు చేయించి కొండలపై విసరించుచున్నాము. ఆ శ్రద్ధ మెచ్చదగినదే. కాని విత్తనము ఏ చెట్టుదో యెవ్వరును అడుగరు. నేరేడుగింజ పండునుండి తీసిన పదిపదునైదు దినములలోనే మొలకశక్తిని కోలుపోవును. బంతిలో నెండిన గింజ మట్టిలో మట్టియే. మొర్రిగింజ పెంకు గట్టిది. దానిని మెలకువతో పగులనీయనిచో మొలక అరుదు. తునికిలో ఆడచెట్టు వేఱు, మగచెట్టు వేఱు. విత్తి పెంచినవానిలో సగము మగవే కావచ్చును. కావున లెక్కకు మొక్కలు నాటుట వేఱు, పండ్లచెట్లను వృద్ధిచేయుట వేఱు.

చేయవలసిన పని కష్టమైనది కాదు. మొదటిది వెదకుట. పండ్లకాలమున సంతకు పోయి, గంపతో పండ్లు దెచ్చినవారిని, ఇవి ఏ చెట్టువని యడుగుడు. మేకలకాపరి నడుగుడు; నల్లమలలో చెంచుల నడుగుడు; మన్యములో కొండరెడ్ల నడుగుడు. చెట్టును కన్నులార చూచి, పండు తిని, గుజ్జెంతో గింజయెంతో పరికించి, చెట్టునకొక గుర్తు పెట్టుడు. ఒక యేటి కాపును నమ్మరాదు, మూడేండ్లు చూడుడు. వాన తక్కువైన యేట గూడ కాచిన చెట్టే మేలుజాతి.

రెండవది అంటుగట్టుట. సాధారణమైన చెట్టు గింజలను పండునుండి తీసినవెంటనే విత్తి వేరుమొక్కలను పెంచవలెను. తొలకరి తరువాత, గాలిలో తేమ యున్న దినములలో, వేరుమొక్క తలను కత్తిరించి, లేతకాండమును నిలువుగా చీల్చి, గుర్తుపెట్టిన చెట్టుకొమ్మను మేకువలె చెక్కి అందునిలిపి గట్టిగా కట్టవలెను. లేదా మన పాతతోటమాలులు చేసినట్లు, కుండీలోని మొక్కను చెట్టుకొమ్మ దగ్గఱకే చేర్చి కట్టవచ్చును. విత్తనపుమొక్క కాపునకు ఏండ్లపూండ్లు పట్టును. అంటుమొక్క అంతకంటె చాల ముందుగా కాచును, తల్లిపండునే కాచును. మూడవది నాటుట. ఇందులకు మాగాణి వలదు. గట్టు చాలును, చెఱువుకట్ట చాలును, దేవాలయపు మాన్యములోని మూల చాలును, బడి ఆవరణము చాలును.

ఇందు రెండు హెచ్చరికలు గలవు. ఒక్క తల్లిచెట్టునే పట్టుకొని ఊరెల్ల దానినే నింపరాదు. ఒక తెగులు వచ్చిన అన్నియు నొక్కమాఱే పోవును. పది తల్లులను ఏరుకొనవలెను. అడవిలో గింజమొలక చెట్లను వాని దారిని అవి పెరుగనీయవలెను. మేలైన చెట్లు రేపు మరల దొరకునది ఆ గుంపులోనే. రెండవది ఋణము. చెట్టును చూపినవాడు చెంచైనచో మొదటి అంటుమొక్క యతని ముంగిట నాటవలెను. లాభము వచ్చినచో అతనికి పాలు ముట్టవలెను. 2006 నాటి అటవీహక్కుల చట్టము చిన్నతరహా అటవీఫలసాయముపై అడవిబిడ్డల హక్కును అంగీకరించినది. 2001 నాటి చట్టము రైతు కాపాడిన వంగడమును రైతు పేరనే నమోదుచేయవచ్చునని చెప్పుచున్నది. 2002 నాటి జీవవైవిధ్య చట్టము గ్రామముననున్న చెట్టుచేమల వివరములను ప్రజలే పుస్తకమున కెక్కింపవలెనని విధించినది. ఆ పుస్తకమున వట్టి జాతుల జాబితా వ్రాసి చేతులు దులుపుకొనక, ఫలాని గట్టుమీది ఫలాని చెట్టు తీయనిదని వ్రాయించుటకు మన పంచాయతీలకు అడ్డమేమి?

ప్రభుత్వము చేయునని కూర్చుండుటకు ఇది యానకట్టవంటి పని కాదు. ఒక రైతు, ఒక కత్తి, ఒక గోనెపట్ట చాలిన పని. వచ్చు తొలకరిలో సపోటాయంటులు కట్టించు భూస్వాములకు మా విన్నప మొక్కటే. నూఱు పాలమొక్కలపై సపోటాకొమ్మలు కట్టించుడు, కాదనము. నూటయొకటవ మొక్కపై మాత్రము మీ ప్రాంతమున మిక్కిలి తీయనిదని పేరుపడిన పాలచెట్టు కొమ్మనే తెప్పించి కట్టించుడు. ఇన్నాళ్లు పరుల బరువు మోసిన వేరు ఆ ఒక్కచోటనైన తన పండును తాను మోయును.