ఈ-మెయిలు చెత్తపెట్టె: సంఘముల బాధ్యత

దేశములోని 63,000 ప్రాథమిక వ్యవసాయ పరపతి సంఘములను కంప్యూటరీకరించు పథకమును 2022వ సంవత్సరము జూన్ నెలలో కేంద్రప్రభుత్వ మామోదించినది. తపాలాసంచిలో వచ్చు జాబులు నేడు క్రమముగా ఈ-మెయిలున వచ్చుచున్నవి. ఈ మార్పు మంచిదే. కాని దానితో నొక క్రొత్త పనియు వచ్చినది. మంచి జాబును చెత్త జాబునుండి వేరుపరచుటయే యా పని. దీనిని మన సంఘములు పనిగా నెంచకుండుట తగదని మా యభిప్రాయము.

అడుగకయే గుంపులుగా వచ్చిపడు జాబులకు స్పాము అని పేరు. 1978వ సంవత్సరము మే నెలలో అమెరికాలో నొక కంప్యూటరు కంపెనీ యుద్యోగి, తమ సరుకును ప్రకటించుచు, దాదాపు 400 మందికి పంపిన జాబు వీనిలో మొదటిదని చెప్పుదురు. అది వట్టి ప్రకటన. నేడు ప్రకటనల నడుమ దొంగజాబులును వచ్చుచున్నవి.

పంపినవాని చిరునామాను, జాబులోని మాటలను, లింకులను పరిశీలించి, యనుమానము కలిగిన జాబులను యంత్రమే స్పాము ఫోల్డరులోనికి త్రోయును. యంత్రము చేయుచుండగా మనకీ శ్రమ యేల యని కొందరనవచ్చును. తూర్పారబట్టునపుడు గాలి యెంత యనుకూలముగా వీచినను, పొల్లుతో కొన్ని గట్టిగింజలు పోవును. గింజలలో కొంత పొల్లు నిలుచును. యంత్రపు పనియు నట్టిదే.

అందువలన నష్టములు రెండు. జిల్లా బ్యాంకు జాబో, ఆడిటు నోటీసో, పంటల బీమా గడువు తెలుపు జాబో స్పాము ఫోల్డరులో పడినచో దానిని చూచువారుండరు. జీమెయిలులో నట్టి జాబు 30 దినములకు దానంతట నదియే చెరిగిపోవును. గడువు దాటిన పిమ్మట జాబు రాలేదనుట సరికాదు. వచ్చినది, చూచువారు లేకపోయిరి. ఇక రెండవది: యంత్రము కన్నుగప్పి దొంగజాబు మంచి జాబులలో చేరుట. ఎరువుల వ్యాపారి పేరున "మా బ్యాంకు ఖాతా మారినది, సొమ్ము క్రొత్త ఖాతాకు పంపుడు" అని యొక జాబు వచ్చును. పీయం కిసాన్ వాయిదా యాగిపోవును, వెంటనే యీ లింకు నొక్కుడని మరియొకటి వచ్చును. తొందర, భయము, ఆశ, ఈ మూటిలో నొకటి లేని మోసపు జాబు అరుదు.

జాబుపైనున్న పేరు చూచి నమ్మరాదు. ఆ పేరు నెవరైనను పెట్టుకొనవచ్చును. చిరునామాలో '@' గుర్తు తరువాతి భాగమును అక్షరము విడువక చదువవలయును. ప్రభుత్వ చిరునామాలు సాధారణముగా 'గవ్.ఇన్' అనియో 'నిక్.ఇన్' అనియో ముగియును. బ్యాంకులు తమ వెబ్‌సైట్లను 2025 అక్టోబరు 31లోపల 'బ్యాంక్.ఇన్' అను ముగింపునకు మార్చవలయునని రిజర్వు బ్యాంకు ఆదేశించినది. అయినను చిరునామాను సైతము నకలు చేయగల నేర్పరులు కలరు. కావున సొమ్ము విషయమున జాబొక్కటే సాక్ష్యము కానేరదు.

ఈ భారమును గుమాస్తా యొక్కనిపై వదలుట న్యాయము కాదు. పాలకవర్గము తీర్మానము చేసి మినిట్సు పుస్తకమున వ్రాయవలయును. వారమున కొకమారు స్పాము ఫోల్డరు తెరచి చూడవలయును. అందలి మంచి జాబును 'స్పాము కాదు' అని గుర్తించి యీవలకు తేవలయును. దానివలన యంత్రమును నేర్చుకొనును. చెత్తజాబునకు బదులు వ్రాయరాదు, అందలి లింకు నొక్కరాదు. ఖాతా మారినదను జాబు వచ్చినచో, అందున్న నంబరునకు గాక, సంఘపు రిజిస్టరులోని పాత నంబరునకు ఫోను చేసి రూఢిపరచుకొనవలయును. అటుపిమ్మట నిరువురు సంతకము చేసినగాని సొమ్ము పంపరాదు. దీనివలన చెల్లింపు ఒక పూట యాలస్యము కావచ్చును. సంవత్సరపు సొమ్ము పోవుటకంటె పూట యాలస్యము మేలు కదా!

ఎవరైన మోసపోయినచో సిగ్గుపడి దాచుట దొంగకే లాభము. తెలిసిన గడియలోనే 1930 నంబరునకు ఫోను చేయవలయును. సొమ్ము చేతులు మారకమునుపే నిలుపుట కవకాశ ముండును. అట్టివారిని పరిహసింపక, వారి యనుభవమును తక్కిన సభ్యులకు తెలియజేయుట సంఘధర్మము.

సంఘపు పెట్టెలోని సొమ్ము రైతులందరి చెమట. వచ్చు మహాజనసభలో నీ తీర్మానమును సభ్యులే యడిగి చేయించుకొందురుగాక.