అందరూ గద్దలే, మరి కోడి ఎవరు?

వచ్చే జన్మలో గద్దగా పుట్టాలనుకునేవాళ్ళు నాకు కనీసం పాతికమంది తెలుసు. పులులు ఓ పదిమంది, డాల్ఫిన్లు అరడజను, తోడేళ్ళు నలుగురైదుగురు (వీళ్ళు తోడేలును చూసింది టీషర్టుల మీదే). కోడిగా పుడతానన్నవాడు మాత్రం ఇప్పటిదాకా ఒక్కడూ తగల్లేదు.

"నువ్వు ఏ జంతువువి అవుతావు?" అన్న ప్రశ్న ఇప్పుడు అన్నిచోట్లా వినిపిస్తోంది. ఉద్యోగపు ఇంటర్వ్యూల్లో అడుగుతారు, టీం ఔటింగుల్లో అడుగుతారు, కవుల్ని ఇంటర్వ్యూ చేసేవాళ్ళు ఆఖర్న సరదాకి అడుగుతారు. చూడ్డానికి అమాయకంగానే ఉంటుంది. నా దృష్టిలో మాత్రం మనం జంతువుల గురించి ఆడే అబద్ధాల్లో ఇదే పెద్దది. ఎందుకంటే ఇందులో జంతువు ఎక్కడా ఉండదు.

ముందు లెక్క చూద్దాం, నాకు అలవాటైన పని అదే. భూమ్మీదున్న పక్షులన్నిటి బరువూ కూడితే అందులో సుమారు 70 శాతం మనం పెంచుకునే కోళ్ళూ బాతులదేనని 2018లో ఒక శాస్త్రీయ అంచనా వచ్చింది. క్షీరదాల్లో 60 శాతం మన పశువులు, 36 శాతం మనం, అడవిలో బతికేవన్నీ కలిపి 4 శాతం. బరువు లెక్క వేరు, తలల లెక్క వేరు అంటారా? తలలు లెక్కపెట్టినా ఏ అడవి పక్షీ కోడికి దరిదాపుల్లోకి రాదు. అంటే పక్షి జన్మ లాటరీలో వస్తే మీకు తగిలేది ఆకాశం కాదు, తణుకు వైపో అనపర్తి వైపో ఒక షెడ్డు. గుడ్ల ఉత్పత్తిలో ఆంధ్రప్రదేశ్ దేశంలోనే మొదటి స్థానం కాబట్టి తెలుగు పక్షిగా పుట్టే అవకాశాలు కూడా మెండు. బ్రాయిలర్ అయితే 40 రోజుల ఆయుష్షు. గుడ్ల కోడి అయితే బోనులో దక్కే చోటు ఒక ఏ4 కాగితం అంత కూడా ఉండదు. గుడ్ల జాతిలో మగపిల్లగా పుడితే హేచరీలో పుట్టినరోజే ఆఖరు రోజు.

కుక్కగా పుట్టాలనేవాళ్ళదీ ఇదే వరస. వాళ్ళ మనసులో ఉన్నది మూడో అంతస్తు ఫ్లాట్‌లో ఏసీ కింద పడుకునే లాబ్రడార్. అదే ఫ్లాట్ గేటు బయట వాచ్‌మన్ కర్ర చూసి పక్కకి తప్పుకునే కుక్కని ఎవరూ ఉద్దేశించరు. ఆవు అంటే కొందరు చేతులు జోడిస్తారు. గేదె అనండి, నవ్వుతారు. మన రెండు రాష్ట్రాల్లో కాఫీలోకీ పెరుగులోకీ వచ్చేది ఎక్కువగా గేదెపాలే, అయినా దానికి పూజ లేదు, మనం ఇచ్చిందల్లా దున్నపోతు మీద వాన అన్న సామెత. కంచ ఐలయ్య 2004లో తన పుస్తకానికి 'బఫెలో నేషనలిజం' అని పేరు పెట్టింది ఊరికే కాదు. జంతువుల్లోనూ మనకి వర్ణాలున్నాయి. కోరుకునేటప్పుడు అందరం అగ్రవర్ణంలోనే పుడతాం.

గద్ద విషయంలో నాకు కొంచెం సొంత కోపం కూడా ఉంది. ఒకప్పుడు నేను పనిచేసిన కంపెనీలో వార్షిక సమావేశానికి ఒక స్లయిడ్ వేశారు. మీరూ వాట్సాప్‌లో చూసే ఉంటారు: గద్ద 70 ఏళ్ళు బతుకుతుంది, 40 దాటాక ముక్కు వంగిపోతుంది, గోళ్ళు మొద్దుబారతాయి, అప్పుడది కొండెక్కి ముక్కుని బండకేసి కొట్టుకుని ఊడగొట్టుకుంటుంది, గోళ్ళు పీక్కుంటుంది, ఈకలు పీక్కుంటుంది, ఐదు నెలలు బాధపడి కొత్తగా పుడుతుంది. హాలంతా చప్పట్లు. ఇందులో ఒక్క ముక్క కూడా నిజం కాదు. అడవిలో బతికే గద్దలకి సాధారణంగా ఇరవై ముప్ఫై ఏళ్ళే ఎక్కువ. ముక్కు ఊడిన పక్షి ఐదు నెలలు తపస్సు చెయ్యదు, కొన్ని రోజుల్లో ఆకలితో చస్తుంది. ఆ స్లయిడ్ వేసిన రెండు నెలలకి మా టీంలో 40 దాటినవాళ్ళు ఇద్దరు బయటికి వెళ్ళారు. వెళ్ళేముందు వాళ్ళకి ఇచ్చిన సలహా కూడా అదే, 'మిమ్మల్ని మీరు కొత్తగా తయారుచేసుకోండి' అని. లేని గద్ద ఒకటి ఉన్న మనుషుల్ని ఇంటికి పంపడానికి అలా పనికొచ్చింది.

ఈ ఆట కొత్తదేం కాదు. ప్లేటో 'రిపబ్లిక్' చివర, పదో భాగంలో, ఎర్ అనే సైనికుడి కథ వస్తుంది. చచ్చి బతికొచ్చిన అతను పరలోకంలో ఆత్మలు తర్వాతి జన్మ ఎంచుకోవడం చూశానని చెప్తాడు. ఆర్ఫియస్ హంసని ఎంచుకున్నాడు, తనని చంపింది ఆడవాళ్ళు కాబట్టి మళ్ళీ ఆడదాని కడుపున పుట్టనని. ఎజాక్స్ సింహాన్ని, ఎకిలీజ్ ఆయుధాలు తనకి దక్కలేదన్న ఉక్రోషంతో. అగమెమ్నాన్ గద్దని, మనుషులంటే విరక్తి పుట్టి. గమనించండి, వీళ్ళలో ఒక్కడికీ హంస మీద గానీ సింహం మీద గానీ ప్రేమ లేదు. ఇది అలిగినవాళ్ళ జాబితా. చివరి చీటీ వచ్చిన ఒడిస్యూస్ మాత్రం చాలాసేపు వెతికి, ఎవరూ పట్టించుకోక మూలన పడున్న ఒక మామూలు మనిషి జీవితాన్ని ఏరుకుని సంతోషపడతాడు. మా ఆఫీసులో పిల్లిగా పుట్టాలనుకునేవాళ్ళే ఎక్కువ. రోజంతా పడుకోవచ్చట! ఆ కోరికలో పిల్లి లేదు, మంజూరు కాని సెలవు ఉంది.

మాటలతో ఆగని ఒక మనిషి గురించి కూడా చెప్పాలి. థామస్ థ్వెయిట్స్ అనే బ్రిటిష్ డిజైనర్ మొదట ఏనుగవుదామనుకుని, తర్వాత మేకకి దిగి, కృత్రిమ కాళ్ళు చేయించుకుని ఆల్ప్స్ కొండల్లో మేకల మంద మధ్య కొన్ని రోజులు నాలుగు కాళ్ళ మీద నడిచాడు. గడ్డి అరగదు కాబట్టి ప్రెషర్ కుక్కర్‌లో ఉడికించుకుని తిన్నాడు. 2016లో ఇగ్నోబెల్ వచ్చింది. ఇంజనీరుగా నాకు ఈయనంటే చాలా ఇష్టం. కానీ ఆ పుస్తకం ఉపశీర్షిక చూడండి, మనిషిగా ఉండటం నుంచి సెలవు తీసుకోవడం గురించి. మేకకి ఆ సెలవు లేదు. దానికి కుక్కర్ కనపడేది ఇంకో సందర్భంలో.

తత్వశాస్త్రం దీనికి ఎప్పుడో జవాబు చెప్పింది. థామస్ నేగెల్ 1974లో, గబ్బిలంగా ఉండటం ఎలా ఉంటుందని అడిగాడు. తలకిందులుగా వేలాడుతూ, చేతులకి పొరలు మొలిచినట్టు, నోట్లో పురుగులు పట్టుకున్నట్టు నేను ఊహించుకోవచ్చు, అయితే అది నేను గబ్బిలంలా ప్రవర్తిస్తే నాకెలా ఉంటుందన్నదే, గబ్బిలానికి ఎలా ఉంటుందన్నది కాదు అన్నాడు. మా భాషలో చెప్పాలంటే అది ఎమ్యులేటర్, లోపల నడిచేది మన సిస్టమే. ఈ సంగతి ధూర్జటికి పదహారో శతాబ్దంలోనే తెలుసని నా అనుమానం. శ్రీకాళహస్తి కథలో పాము లింగానికి మణులు పెడుతుంది. ఏనుగు వచ్చి వాటిని ఊడ్చేసి మారేడు దళాలు పెడుతుంది. దీని పూజ దానికి చెత్త, దాని పూజ దీనికి చెత్త. చివరికి పాము తొండంలో దూరి రెండూ చస్తాయి. ఇది భక్తి కథే, కాదనను. కానీ ఒకే దేవుడి ముందు నిలబడ్డ రెండు జంతువులు ఒకదాని లోకం ఒకదానికి కనపడక చచ్చిపోయిన కథ కూడా.

నేగెల్ కన్నా ముప్ఫై మూడేళ్ళ ముందు, 1941లో, తెలుగులో ఇంకో గబ్బిలం ఎగిరింది. ఈ వ్యాసం రాస్తున్నది నిజానికి దానికోసమే. జాషువా కావ్యంలో అరుంధతీసుతుడు రాత్రి గుడిసెలోకి వచ్చిన గబ్బిలంతో తన గోడు శివుడికి చెప్పమంటాడు. కాళిదాసు యక్షుడికి మేఘం దొరికింది, ఇతనికి గబ్బిలం. ఎందుకు గబ్బిలం? ఎవరూ ఇష్టపడని జీవి, అపశకునమని తరిమే జీవి. అయినా గుడి కప్పుకి వేలాడగలదు, దేవుడి చెవిదాకా వెళ్ళగలదు. ఇతను వెళ్ళలేడు. ఇక్కడ ఆగి చూడండి. నేను గబ్బిలాన్నైతే బాగుండునని పాడేసుకుంటే పని సులువయ్యేది, పాఠకుల కళ్ళూ చెమర్చేవి. జాషువా కావ్యాన్ని దానిమీద నిలబెట్టలేదు. అతన్ని మనిషిగానే ఉంచి, మనిషిగానే ఫిర్యాదు పంపించాడు. జంతువుకున్న ప్రవేశం మనిషికి లేదన్నది ఆ కావ్యానికి వెన్నెముక. అతను గబ్బిలమైపోతే ఫిర్యాదే ఉండదు. తరతరాలుగా పందీ, కుక్కా, గాడిదా అనిపించుకున్నవాళ్ళకి 'ఏ జంతువువి అవుతావు' అన్నది సరదా ప్రశ్న కాదు. తమ మనిషితనం మీద ఎవరూ చెయ్యి వెయ్యనివాళ్ళే దాన్ని ఒక సాయంత్రం పక్కన పెట్టి ఆడుకోగలరు. మన ప్రకృతి కవులు ఆకులై పిట్టలై పోతున్నప్పుడు నాకు జాషువా గుర్తొచ్చేది ఇందుకే.

ఊహించుకుంటే సానుభూతి పెరుగుతుంది కదా అని అంటారు. పెరిగితే మంచిదే. 2025 మార్చి నెలాఖర్లో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ పక్కన కంచ గచ్చిబౌలిలో 400 ఎకరాల మీదికి బుల్డోజర్లు వచ్చినప్పుడు, ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపమనేదాకా, నా ఫోన్ నిండా జింకలూ నెమళ్ళే. నిజమైన ఫోటోల పక్కనే ఏఐతో చేసిన బొమ్మలూ తిరిగాయి, వాటిమీద కేసులు కూడా పెట్టారు. నాకు పట్టింది కేసుల సంగతి కాదు, ఆ బొమ్మల్లో జింకల కళ్ళు. మనిషి కళ్ళు అవి, కన్నీళ్ళతో సహా. నిజం జింక అలా ఏడవదు, పరిగెత్తి ఎక్కడో రోడ్డు మీద పడుతుంది. దానిమీద జాలి కలగాలంటే ముందు దాన్ని మనలా మార్చుకోవాల్సి వచ్చింది. పొలాలూ బండలూ చదును చేసి కట్టిన అద్దాల భవనాల్లో కూర్చునే మేమంతా వాటిని షేర్ చేశాం. అడిగితే మాలో సగంమంది జింకలమే అవుతామంటాం, ఆ 400 ఎకరాలు వేలం వేద్దామనుకున్నది మాలాంటివాళ్ళ ఆఫీసుల కోసమే అన్న మాట మాత్రం ఎవరూ రాయలేదు.

జింక అంటే భాగవతం ఐదో స్కంధంలో భరతుడున్నాడు. తెలుగులో ఆ స్కంధం పోతనది కాదు, గంగనది, అందుకేనేమో తక్కువమంది చదువుతారు. రాజ్యం వదిలి అడవికొచ్చిన భరతుడు, సింహం గర్జనకి బెదిరి ఏరు దూకిన తల్లిజింక కడుపులోంచి నీళ్ళలో జారిపడ్డ పిల్లని ఎత్తుకొచ్చి పెంచుతాడు. గడ్డి పెడతాడు, తోడేళ్ళు తినేస్తాయేమోనని కాపు కాస్తాడు, కాసేపు కనపడకపోతే జపం వదిలేసి వెతుక్కుంటాడు. ప్రాణం పోయేటప్పుడు కూడా దాని ధ్యాసే. జింకై పుడతాడు. మన పురాణ ప్రవచనకారులంతా దీన్ని మమకారం మీద హెచ్చరికగానే చెప్తూ వచ్చారు, రాజర్షి పాడైపోయాడని. నాకు ఆ చదువుతో పేచీ ఉంది. నేను చదివినవాటిలో జంతువు కావడానికి ఒక జంతువుని నిజంగా చూసినవాడు ఇతనొక్కడే, అదీ తను కోరుకోకుండా. ప్రవచనాల్లో ఆ పిల్లజింక ఏమైందో ఎవరూ చెప్పరు. భరతుడు పోయాక దానికి గడ్డి ఎవరు పెట్టారో నాకు తెలుసుకోవాలనుంది.