పద్దుకెక్కని ఖర్చులు

అమ్మకాలు తగ్గకపోయినా, ధరలు పడిపోకపోయినా సంవత్సరాంతాన మిగులు తగ్గిపోవడం వర్తకులకు కొత్త కాదు. చిట్టా తిరగవేసి చూస్తే తప్పెక్కడా కనపడదు. కొన్న ధర వున్నది, అమ్మిన ధర వున్నది, కిరాయి, హమాలీ, కమీషను అన్నీ వున్నవి. కనపడనివల్లా ఎవరూ రసీదు ఇవ్వని ఖర్చులు. బాకీ వసూలయ్యేదాకా నిలిచిపోయిన సొమ్ము మీద వడ్డీ, సరుకులో తరుగు, బండి కోసం కాచుకున్న పూట, సొంత మడిగెకు రాకుండా పోయిన అద్దె ఈ కోవలోనివే. వీటినే పరోక్ష వ్యయాలంటారు. రసీదు లేనంత మాత్రాన ఇవి లేకుండా పోవు. ఎవరు లెక్క రాయరో వారి మీదనే పడతాయి.

ఇందుకు ఎల్.బి.నగర్, దిల్‌సుఖ్‌నగర్ ప్రాంతపు వర్తకులకు బాగా తెలిసిన దాఖలా గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్. 1980 దశకంలో జాంబాగ్ నుంచి కొత్తపేటకు వచ్చిన ఈ మార్కెట్‌ను 2021లో విజయవాడ రహదారి మీది బాటసింగారానికి తరలించారు. పాత స్థలంలో ప్రభుత్వ ఆసుపత్రికి 2022 ఏప్రిల్ 26న శంకుస్థాపన జరిగింది. ఆసుపత్రి అవసరాన్ని ఎవరూ కాదనరు. కాని మార్కెట్ ఇంచుమించు 20 కిలోమీటర్లు జరిగినప్పుడు దానితోపాటు జరిగిన ఖర్చుల సంగతి వేరే చూడవలసి వున్నది.

నల్లగొండ వైపు నుంచి జాతీయ రహదారి మీద వచ్చే బత్తాయి లారీకి ఈ మార్పు వల్ల దూరం తగ్గింది, నగరపు రద్దీలోకి రావలసిన పని తప్పింది. అయితే దిల్‌సుఖ్‌నగర్ వీధులలో బండి మీద పండ్లమ్మే చిల్లర వ్యాపారికి దూరం పెరిగింది. లారీకి మిగిలినదీ, బండివానికి తగిలినదీ ధరల పట్టికలో కనపడవు. మార్కెట్‌లో పలికిన ధర మాత్రమే అందులో వుంటుంది.

ఒక ఉదాహరణ వేసి చూద్దాం. బండివాడు కిలో రు. 40 వంతున 200 కిలోలు కొన్నాడనుకుంటే సరుకు ఖరీదు రు. 8,000. ఆటో ట్రాలీకి తన వాటా కిరాయి రు. 500 అనుకుందాం. నలుగుడు, కుళ్ళుడు కింద నూటికి 5 వంతున పోతే అమ్మకానికి మిగిలేది 190 కిలోలు. అంటే కిలో రు. 44.74 పడింది. పోయిన పూట కూలి రు. 300 కలిపితే రు. 46.32. ఈ లెక్క తెలియనివాడు కిలో రు. 45కు అమ్మి అయిదు రూపాయలు లాభం వచ్చిందనుకుంటాడు. నిజానికి ఆ రోజు కిలోకు రూపాయి పైచిలుకు తన చేతినుంచే పెట్టుకున్నాడు.

కమీషన్ ఏజంట్ల పరిస్థితీ ఇంతకన్నా భిన్నం కాదు. లక్ష రూపాయల సరుకు నూటికి 4 కమీషను మీద అమ్మి, రైతుకు వెంటనే చెల్లించి, కొనుగోలుదారుకు 45 రోజులు అరువిస్తే రు. 4,000 వచ్చినట్లు పద్దు పడుతుంది. నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చిన సొమ్ము అయితే ఆ నెలన్నరకు వడ్డీయే రు. 3,000. మిగిలిన వెయ్యిలోనే గుమాస్తా జీతం, ఫోను, రానిబాకీ అన్నీ సర్దుకోవాలి. సొంత సొమ్మే గదా, వడ్డీ ఎక్కడిది అనే వాదం సరైనది కాదు. ఆ సొమ్ము మరొకచోట వుంటే వచ్చేదెంతో అదే దాని ఖర్చు.

సొంత మడిగెలో వ్యాపారం చేసేవారికీ ఇదే సూత్రం వర్తిస్తుంది. అద్దెకిస్తే నెలకు రు. 40,000 వచ్చే మడిగెలో దుకాణం పెట్టి నెలకు రు. 35,000 మిగులుతున్నదంటే అది లాభం కాదు. యజమాని తన కష్టానికి ఏమీ తీసుకోకపోగా నెలకు అయిదు వేలు ఎదురు పెట్టుకుంటున్నాడని అర్థం.

ఇక దిల్‌సుఖ్‌నగర్ మరో సరుకుకూ పెద్ద మార్కెట్. అది చదువు. జిల్లాల నుంచి వచ్చే యువకులతో ఇక్కడి కోచింగ్ కేంద్రాలు, హాస్టళ్ళు నడుస్తున్నవి. వర్తకుల పిల్లలూ వారిలో వున్నారు. తండ్రి అడిగేది ఫీజు ఎంత అని మాత్రమే. ఏడాది ఫీజు రు. 60,000 అనుకుంటే దాని మీద జి.ఎస్.టి. 18 శాతం, అంటే రు. 10,800. హాస్టలు నెలకు రు. 7,000, ఇంట్లో వున్నా భోజనం ఖర్చు వుంటుంది గనుక రెండు వేలు తీసివేసి నెలకు అయిదు వేలు లెక్కించినా ఏడాదికి రు. 60,000. కుర్రవాడు ఆ ఏడాది నెలకు రు. 15,000 జీతానికి పనిచేయగలిగినవాడైతే రాకుండా పోయిన సంపాదన రు. 1,80,000. మొత్తం రు. 3,10,800. ఇందులో ఫీజు అయిదో వంతు కూడా లేదు.

చదువు మాన్పించాలని దీని అర్థం కాదు. కేంద్రాన్ని ఎంచుకునేటప్పుడు ఫీజులో అయిదువేల తగ్గింపు కోసం బేరమాడి, ఏడాది వృథా అయ్యే చోట చేర్చడం మంచి బేరం కాదని మాత్రమే. రెండోసారి కూడా కోచింగ్ ఇప్పించాలా అనే ప్రశ్న వచ్చినప్పుడు మొదటి ఏడాది కట్టిన సొమ్మును లెక్కలోకి తేరాదు. అది పోయిన సొమ్ము. రాబోయే ఏడాది ఖర్చు ఎంత, ఫలించే అవకాశం ఎంత అన్నదే చూడాలి. 2018 సెప్టెంబరు 24న అమీర్‌పేట, ఎల్.బి.నగర్‌ల మధ్య మెట్రో రైలు ప్రారంభమై మియాపూర్ దాకా ఒకే మార్గం ఏర్పడింది. ఆ మార్గంలో ఇల్లున్నవారికి హాస్టలు ఖర్చు తప్పింది. రోజువారీ టిక్కెట్టు, ప్రయాణకాలం దానికి ఎదురుగా వేసుకుని ఏది చౌకో నిర్ణయించుకోవచ్చు.

పెట్టుబడుల విషయంలో ఎక్కువమంది మోసపోయేది స్థలాల దగ్గర. ఎల్.బి.నగర్ పరిసరాలలో రు. 60 లక్షలకు ప్లాటు కొని ఏడాది తరువాత రు. 66 లక్షలకు అమ్మినవాడు ఆరు లక్షలు సంపాదించానని నలుగురికీ చెబుతాడు. తెలంగాణలో 2021 జూలైలో రిజిస్ట్రేషను, స్టాంపు వగైరా ఖర్చులను 6 శాతం నుంచి 7.5 శాతానికి పెంచారు. ఆ ప్రకారం కొన్నరోజే రు. 4.5 లక్షలు పోయింది. మొత్తం రు. 64.5 లక్షల మీద నూటికి ఏటా 7 వంతున వడ్డీ వేసుకున్నా మరో నాలుగున్నర లక్షలు. అంటే ధర రు. 69 లక్షలకు చేరితేగాని అసలు రాదు. మధ్యవర్తుల కమీషను, లాభం మీద పన్ను దీనికి అదనం. షేర్లలోనూ అంతే. దళారీ రుసుము, లావాదేవీల పన్ను, స్టాంపు సుంకం ఒక్కోసారికి స్వల్పమే. రోజూ కొనీ అమ్మీ చేసేవానికి అవే కలిసి పెద్ద పద్దు అవుతాయి.

ఈ ఖర్చులను రైతు పట్టీలో తరుగు పేరుతో కోసి సర్దుకోవచ్చునని కొందరు భావించవచ్చు. అది ఎంతోకాలం సాగదు. రెండుమూడు సార్లు కోత పడిన రైతు తోట దగ్గరే పై వ్యాపారులకు గుత్తకిస్తాడు. రాబడి తగ్గితే నష్టపోయేది మార్కెట్‌లోని ఏజంటే. ఏ ఖర్చు అయినా తక్‌పట్టీలో దాని పేరుతోనే వుండాలి. అప్పుడే అది న్యాయమైనదా కాదా అని రైతు అడగగలడు, వర్తకుడు సమాధానం చెప్పగలడు.

ప్రభుత్వానికీ ఇదే వర్తిస్తుంది. 2020లో మార్కెట్‌ను తాత్కాలికంగా కొహెడకు మార్చినప్పుడు మే నెలలో గాలివానకు షెడ్లు కూలి పలువురు గాయపడ్డారు. తరలింపు అంచనాలలో స్థలం, షెడ్లు, రోడ్లు వుంటాయి. హమాలీ రాకపోకలు, చిల్లర వ్యాపారి కిరాయి, సరుకు నలుగుడు వుండవు. కొహెడలో శాశ్వత మార్కెట్ ప్రతిపాదన వున్నందున వర్తక సంఘాలు ఈ పద్దులను అంకెలతో సహా ముందుగానే అధికారుల ముందుంచడం అవసరం. మార్కెట్ మారిన తరువాత చేసే ఫిర్యాదుకు విలువ తక్కువ.

ప్రస్తుతానికి ప్రతి వర్తకుడూ చేయదగిన పని ఒకటున్నది. చిట్టాలో ఒక పేజీ విడిగా పెట్టి వడ్డీ, తరుగు, సొంత అద్దె, సొంత కూలి అని నాలుగు పద్దులు మూడు నెలలపాటు రాసి చూడాలి. ఏ సరుకు ఎంత మిగుల్చుతున్నదో, ఏ ఖాతాదారుకు అరువు ఆపాలో ఆ పేజీయే చెబుతుంది.