పాట అందరిదీ.. వేదిక ఒక్కరిదేనా?

పెళ్లి ముహూర్తాలు దగ్గర పడితే బరంపురంలో పాటల బృందాలకు ఊపిరి సలపదు. ఒడియావారు ‘మెలోడీ’ అంటారు, తెలుగువారు ‘ఆర్కెస్ట్రా’ అంటారు. పేరేదైనా పని ఒక్కటే. సినిమాలో ఎవరో పాడిన పాటను, ఎవరో కట్టిన బాణీని పందిట్లో జనం ముందు మళ్లీ పలికించడం. ఒక కీబోర్డు, ప్యాడ్స్, గిటారు, ఇద్దరు ముగ్గురు గాయనీ గాయకులు, మధ్యమధ్య నవ్వించే యాంకరు. ఇంతే సరంజామా. దీని మీద ఆధారపడి బతికే కుటుంబాలు గంజాం జిల్లాలోనూ, సరిహద్దుకు ఇవతల ఇచ్ఛాపురం, సోంపేట వైపునా ఉన్నాయి.

ఈ పనిలో పాట కన్నా పేచీ గట్టిగా వినబడితే అది అందరికీ నష్టమే. ‘ఆ మండపంలో మేం తప్ప ఇంకెవరూ పాడకూడదు’ అని ఒక బృందం. ‘బయానా ముందు మాకే ఇచ్చారు’ అని ఇంకో బృందం. ‘అక్కడ పాడినవాళ్లు మా వీధికి రావద్దు’ అని కమిటీ. ‘మీలో మీరు తేల్చుకోండి బాబూ, మాకు పాట కావాలి’ అని పెళ్లివారు. తగువు ఎవరిదైనా చివరికి తల పట్టుకునేది ఆడపిల్ల తండ్రే.

అసలు ఈ తగువు దేని మీద? పాట మీద కాదు. పాట వీళ్లెవరిదీ కాదు. ఒకే పాటను ఒకే సీజనులో ఐదు బృందాలు పాడతాయి. 2017లో ఇళయరాజా తన అనుమతి లేకుండా తన పాటలు కచేరీల్లో పాడవద్దంటూ ఎస్పీ బాలసుబ్రహ్మణ్యానికి నోటీసు పంపిన సంగతి అందరికీ తెలిసిందే. అంతటి గాయకుడికే తను పాడిన పాట మీద పూర్తి హక్కు లేదన్నప్పుడు ఊళ్లో ఆర్కెస్ట్రాకు ఎక్కడుంటుంది? పెళ్లి వేడుకల వరకు కాపీరైట్ చట్టం 52వ సెక్షనులో మినహాయింపు ఉంది కాబట్టి అక్కడ పాట అందరిదీ. పాట మీద హక్కు చెప్పుకోలేనివాళ్లు వేదిక మీద, తేదీ మీద హక్కు చెప్పుకుంటున్నారు. పేచీకి మూలం ఇదే.

మూడు రకాల ‘మాదే’

‘మాదే’ అన్న మాటలో మూడు రకాలున్నాయి. మూడింటినీ ఒకే గాట కట్టడం వల్లే చిక్కంతా.

మొదటిది తేదీ. ఫలానా రాత్రి ఫలానా మండపంలో పాడటానికి ఒక బృందం బయానా తీసుకుంది. ఆ రాత్రి ఆ వేదిక వాళ్లదే. ఇందులో వాదన అనవసరం. ఆ తేదీ కోసం వాళ్లు ఇంకో పిలుపు వదులుకుని ఉంటారు.

రెండోది సీజను. మండపం యజమానితో ఒక బృందం మాట్లాడుకుని, అక్కడ జరిగే ప్రతి పెళ్లికీ తామే పాడేలా కుదుర్చుకోవడం. పెళ్లివారికి నచ్చినా నచ్చకపోయినా మండపంతో పాటే బృందం అంటగడతారు. ‘వేరేవాళ్లని తెచ్చుకుంటే కరెంటు ఇవ్వం’ అంటే ముహూర్తం ముందు రోజు ఎవరు మాత్రం ఏం చేయగలరు?

మూడోది మనుషులు. ‘మా దగ్గర వాయించినవాడు ఇంకెక్కడా వాయించకూడదు, ఇక్కడ పాడిన అమ్మాయి ఇరవై కిలోమీటర్ల లోపు ఇంకో స్టేజీ ఎక్కకూడదు’ అనడం. ఇది అన్నిటికన్నా ప్రమాదకరం.

ఇలాంటి కట్టుబాట్లు బరంపురం స్థాయిలోనే పుట్టాయని అనుకోనక్కర్లేదు. అమెరికాలోని షికాగోలో లొల్లపలూజా అనే పెద్ద సంగీతోత్సవం ఉంది. అక్కడ పాడే బృందాలు కొన్ని నెలల పాటు చుట్టుపక్కల ఎక్కడా పాడకూడదని ఒప్పందంలో రాయిస్తున్నారని, దానివల్ల చిన్న వేదికలు ఎండిపోతున్నాయని గగ్గోలు పుట్టింది. 2010లో ఇలినాయ్ రాష్ట్ర అటార్నీ జనరల్ దాని మీద విచారణ మొదలుపెట్టారు. కోట్లు తిరిగే చోటే అది ప్రశ్న అయినప్పుడు, రాత్రి కూలితో సమానమైన డబ్బుకు ప్యాడ్స్ వాయించే కుర్రాడి విషయంలో ప్రశ్న కాకుండా ఎలా ఉంటుంది?

పది దాటితే పాట బంద్

పూర్వం పందిట్లో పాట మొదలైతే కోడి కూసేదాకా సాగేది. సాయంత్రం ఒక బృందం, అర్ధరాత్రి దాటాక ఇంకో బృందం పాడినా సరిపోయేది. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు వచ్చాక రాత్రి 10 నుంచి ఉదయం 6 వరకు ఆరుబయట మైకు బంద్. పండుగలు, సాంస్కృతిక ఉత్సవాలకు రాష్ట్ర ప్రభుత్వం అర్ధరాత్రి 12 వరకు వెసులుబాటు ఇవ్వొచ్చు గానీ అదీ ఏడాది మొత్తంలో 15 రోజులకు మించకూడదు. 2005లో సుప్రీంకోర్టు కూడా ఈ విషయంలో గట్టిగానే చెప్పింది. ముసలివాళ్లకు, పరీక్షలకు చదివే పిల్లలకు అది మంచిదే. కాదనేవాళ్లు లేరు.

అయితే దాని ఫలితం ఒకటుంది. రాత్రికి రెండు బృందాలు పంచుకునే వేదిక ఒక్క బృందానికే చాలడం లేదు. పైగా అదే నియమాల్లో నాలుగు గోడల మధ్య ఉండే ఆడిటోరియాలకు, కమ్యూనిటీ హాళ్లకు, విందు హాళ్లకు లోపలి అవసరం మేరకు మినహాయింపు ఉంది. అందుకే తలుపులున్న మండపానికి గిరాకీ పెరిగింది. గిరాకీ పెరిగిన చోట ‘మాదే’ అన్న మాటా పెరుగుతుంది. ముహూర్తాలు చూస్తే అందరికీ అవే. శూన్యమాసాల్లో ఖాళీ, మంచి లగ్నం ఉన్న రోజున ఊరంతా పెళ్లిళ్లే. నాలుగు నెలల్లో సంపాదించింది పన్నెండు నెలలు తినాలి. కడుపు మంట ఉన్నచోట కంఠం శ్రుతిలో ఉండమంటే ఎలా ఉంటుంది?

బృందం పెట్టినవాడి బాధ

సీజను మొత్తం తనకే కావాలనేవాడి మాట కూడా వినాలి. బృందం పెట్టడం అంటే మాటలు కాదు. అప్పు చేసి కీబోర్డు, మిక్సరు, స్పీకర్లు కొనాలి. కొత్త పాటలు వచ్చినప్పుడల్లా రిహార్సలు పెట్టాలి. పేరు లేని పిల్లకు మైకు పట్టుకోవడం నేర్పి, జనంలోకి తీసుకొచ్చాక, ఇంకొకడు నాలుగు వందలు ఎక్కువిచ్చి ఎగరేసుకుపోతే మండదా? ‘ఖర్చు మాది, పంట వాడిది అంటే ఊరుకుంటామేటి?’ అని అడిగితే అందులో న్యాయముంది.

ఇంగ్లండులో 1852లో సరిగ్గా ఇదే జరిగింది. జొహానా వాగ్నర్ అనే గాయని లండనులో లమ్లీ అనే ఆయన థియేటరులో మాత్రమే కొంతకాలం పాడతానని ఒప్పుకుంది. ఎదుటి థియేటరు నడిపే గై అనే ఆయన ఎక్కువ డబ్బు చూపించి లాక్కోబోయాడు. కోర్టు రెండు మాటలు చెప్పింది. ఆమెను బలవంతాన లమ్లీ దగ్గర పాడించలేం. కానీ ఒప్పుకున్న కాలంలో గై దగ్గర పాడకుండా ఆపగలం. మరుసటి ఏడాది ఇంకో తీర్పులో, మాట ఇచ్చినవాళ్లను మాట తప్పేలా ఉసిగొల్పడం కూడా తప్పేనని తేల్చారు. నూట డెబ్బై ఏళ్లు దాటినా ఆ రెండు తీర్పులు న్యాయ విద్యార్థులు ఇప్పటికీ చదువుతున్నారు.

చట్టంలోనే గాయని ఉంది

భారత కాంట్రాక్టు చట్టం 1872 నాటిది. విచిత్రం ఏమిటంటే అందులో ఇచ్చిన ఉదాహరణల్లో పాటగత్తె మళ్లీ మళ్లీ కనిపిస్తుంది. వారానికి రెండు రాత్రుల చొప్పున రెండు నెలలు, రాత్రికి వంద రూపాయలకు పాడతానన్న గాయని ఆరో రాత్రి కావాలని ఎగ్గొడితే థియేటరు మేనేజరు ఒప్పందం రద్దు చేసుకోవచ్చు. అయితే పాడిన ఐదు రాత్రుల డబ్బు ఇచ్చి తీరాలి. వెయ్యి రూపాయలు ముందే తీసుకున్నవాళ్లు జబ్బు చేసి పాడలేకపోతే నష్టపరిహారం కట్టక్కర్లేదు గానీ, ఆ వెయ్యి తిరిగి ఇచ్చేయాలి. ఊళ్లో పెద్దమనుషుల ముందు పెట్టినా ఇంతకన్నా మంచి తీర్పు రాదు.

అదే చట్టం 27వ సెక్షను ఇంకో మాట చెబుతుంది. ఒక మనిషి న్యాయమైన వృత్తి చేసుకోకుండా అడ్డుకునే ఒప్పందం ఆ మేరకు చెల్లదు. ఒప్పందం నడుస్తున్న కాలంలో ‘వేరేచోట పని చేయను’ అన్న షరతును కోర్టులు సాధారణంగా ఒప్పుకుంటాయి. గడువు తీరాక కూడా పట్టుకుని లాగుతామంటే ఒప్పుకోవు. క్రికెటర్ జహీర్‌ఖాన్ మీద పర్సెప్ట్ డీమార్క్ అనే సంస్థ వేసిన కేసులో 2006లో సుప్రీంకోర్టు చెప్పింది అదే. ఒప్పందం ముగిసిపోయాక కూడా ముందు తమకే అవకాశం ఇవ్వాలన్న షరతు చెల్లదంది. దేశానికి ఆడిన బౌలరుకు వర్తించిన న్యాయం తబలా వాయించేవాడికీ వర్తిస్తుంది.

ఊరి సొమ్ముతో కట్టిన వేదిక

ప్రైవేటు మండపం సంగతి ఒకటి, ఊరందరిదైన వేదిక సంగతి ఇంకొకటి. నగరపాలక సంస్థ చేతిలోని హాలు, మైదానం పన్ను కట్టే ప్రతివాడిదీ. దసరా పందిరి, వినాయక చవితి పందిరి చందాలిచ్చిన ప్రతి ఇంటిదీ. రెండేళ్లకోసారి దేశిబెహరా వీధిలో బుఢీ ఠకురాణి అమ్మవారు కొలువుదీరి నెల రోజుల పాటు యాత్ర జరిగితే నగరమంతా కదిలి వస్తుంది. అలాంటి చోట్ల ‘ఈ వేదిక ఫలానా బృందానికే’ అనడం ఎవరి తరమూ కాదు, కాకూడదు.

ఇందులో తెలుగువారికి ప్రత్యేకంగా పోయేది ఒకటుంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రంగా ఏర్పడే దాకా బరంపురం మద్రాసు రాష్ట్రంలోది. గీత మారింది గానీ పాట ఆగలేదు. ఒడియా పాట, తెలుగు పాట, హిందీ పాట ఒకే మైకులో పలికే ఊరిది. ఎస్.జానకి, బాలసుబ్రహ్మణ్యం ఒడియా సినిమాలకూ పాడి ఇక్కడి చెవులకు రెండు భాషలనూ దగ్గర చేశారు. మండపాన్ని ఒకే బృందానికి కట్టబెడితే, ఆ బృందంలో తెలుగు పాడేవారు లేకపోతే, తెలుగింటి పెళ్లిలో తెలుగు పాట వినబడదు. తెలుగు బృందమే పట్టు బిగించినా అంతే. పక్కింటి ఒడియా కుటుంబం తన పాట కోసం దేబిరించాల్సి వస్తుంది. ఒకరి గుత్తాధిపత్యం కింద రెండు భాషలూ బతకవు.

ఒక్క కాగితం చాలు

పరిష్కారానికి కోర్టులు, ధర్నాలు అక్కర్లేదు. చేయాల్సినవి నాలుగే.

బయానా ఇచ్చేటప్పుడు ఒక కాగితం రాసుకోవాలి. తేదీ, చోటు, ఎన్ని గంటలకు మొదలు, ఎన్నింటికి ముగింపు, ఎంత డబ్బు, ఎవరు రద్దు చేస్తే ఎంత తిరిగివ్వాలి. నోటిమాట నీటి మీద రాత. పేచీ వచ్చినప్పుడు ఫోనులో అన్న మాటకు సాక్షి ఉండడు.

తుపాను సంగతి ఆ కాగితంలోనే ఉండాలి. ఈ తీరంలో అది మరీ ముఖ్యం. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుపాను గోపాలపూర్ దగ్గర తీరం దాటినప్పుడు అవి దసరా రోజులు. 2018 అక్టోబరు 11న తిత్లీ శ్రీకాకుళం జిల్లా పలాస దగ్గర తీరం దాటినప్పుడూ దసరా నవరాత్రులే. 2020లో కరోనా లాక్‌డౌన్ పెళ్లిళ్ల సీజనునే మింగేసింది. తప్పు ఎవరిదీ కాని చోట బయానా తిరిగి ఇవ్వాలా, ఇంకో తేదీకి మార్చుకోవాలా అన్నది ముందే రాసుకుంటే తరవాత కొట్టుకోనక్కర్లేదు.

నగరపాలక సంస్థ హాళ్లకు, ఉత్సవ కమిటీల వేదికలకు ఒక రిజిస్టరు పెట్టి గోడ మీద అందరికీ కనిపించేలా ఉంచాలి. ముందు అడిగినవారికి ముందు. ఒకే రోజుకు ఇద్దరు వస్తే చీటీ తీయాలి. వరుసగా ఒకే బృందం పేరు రాకుండా చూడాలి.

నాలుగోది బృందాలే చేసుకోవాలి. తేదీ ఒప్పుకున్న గాయకుడు ఆ తేదీకి కట్టుబడాలి. మిగతా రోజుల్లో ఎక్కడ పాడుకున్నా అడ్డు చెప్పకూడదు. ఖాళీ రోజున పని వద్దనేవాడు ఆ రోజు కూలి తానే ఇవ్వాలి. జీతం ఇవ్వకుండా కట్టేసి ఉంచడం ఏ చట్టమూ ఒప్పదు, ఏ ధర్మమూ ఒప్పదు.

పిట్టపోరు పిల్లి తీర్చినట్టు ఈ గొడవలో లాభపడేవాడు వేరే ఉన్నాడు. రెండు బృందాలూ పంతానికి పోతే విసిగిన పెళ్లివారు డీజే పెట్టెలు తెచ్చుకుంటారు. దానికి గొంతు నొప్పి రాదు, బయానా పేచీ రాదు, తాళం తప్పదు. మీట నొక్కితే చాలు. ఒక్కసారి పందిరి దానికి అలవాటు పడితే తబలా వాయించే చేయి ఇంకో పని వెతుక్కోవాల్సిందే. మండపం తాళంచెవి ఎవరి జేబులో ఉండాలని కొట్టుకునేవాళ్లు, రేపు తలుపు తీసి పిలిచేవాళ్లు ఉంటారా అన్నది ముందు ఆలోచించుకోవాలి.