డ్యూయల్ బూట్ పాతబడలేదు, మనమే సగం వాడుతున్నాం

"డ్యూయల్ బూట్ ఎందుకు బ్రో, డబ్ల్యూఎస్ఎల్ వేసుకో చాలు!" విండోస్, లినక్స్ రెండూ కావాలని ఎవరడిగినా ముందు వచ్చే సలహా ఇదే. 16 జీబీ ర్యామ్ ఉన్నవాళ్లకు మంచి సలహానే. కానీ మా బెళుగుప్ప లాంటి చోట ఇది పనికిరాదన్నది నా అభిప్రాయం.

ఎందుకో చెప్తా. డబ్ల్యూఎస్ఎల్ 2 అంటే విండోస్ లోపల నడిచే చిన్న వర్చువల్ మెషీన్. డిఫాల్ట్‌గా ర్యామ్‌లో సగం దాకా తీసుకోగలదు. ఇంటికంతా ఉన్నది ఒక్క 4 జీబీ పాత ల్యాప్‌టాప్ అయితే, విండోస్ వాడుకోగా మిగిలేదే తక్కువ. అందులో ఇంకో ఓఎస్ నడిపితే రెండూ పాకుతాయి.

"అయితే విండోస్ పీకేసెయ్" అంటారు ఇంకొందరు. అదీ కుదరదు. పెళ్లి పత్రికలు, కరపత్రాలు చేసే డీటీపీ షాపుల్లో ఇంకా పేజ్‌మేకర్, అను ఫాంట్లు నడుస్తూనే ఉన్నాయి. పేజ్‌మేకర్ ఆఖరి వెర్షన్ 7.0 వచ్చింది 2001లో! ఆ పాత అను ఫాంట్లు యూనికోడ్ కావు, ఆ ఫైళ్లను లినక్స్‌లో తెరిచి పని కానిచ్చేయలేం. పగలు డీటీపీ చేసి రాత్రి పైథాన్ నేర్చుకునే కుర్రాడికి రెండూ కావాల్సిందే. వాలరెంట్ ఆడేవాళ్లదీ ఇదే కథ, దాని యాంటీచీట్ లినక్స్‌లో నడవదు.

ఇక డ్యూయల్ బూట్ స్లో అన్న మాట. ఎస్ఎస్‌డీ ఉంటే రీబూట్ పెద్ద లెక్క కాదు. అసలు టైమ్ తినేది మూసేసిన ట్యాబులు, ఫైళ్లు, టెర్మినల్ అన్నీ మళ్లీ తెరుచుకోవడం. దానికి మందు హైబర్నేట్. షట్‌డౌన్ బదులు హైబర్నేట్ చేస్తే వదిలిన చోటే మళ్లీ మొదలవుతుంది. బ్యాటరీ చచ్చిన ల్యాప్‌టాప్‌కి ఇంకో లాభం: కరెంటు పోతే స్లీప్‌లో ఉన్నదంతా పోతుంది, హైబర్నేట్‌లో ఉన్నది డిస్క్‌లో భద్రం. లినక్స్‌లో అయితే ర్యామ్‌కి సరిపడా స్వాప్ ఉండాలి. సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే చాలా డిస్ట్రోల్లో హైబర్నేట్ పనిచేయదు, అది ముందే చూసుకోండి.

మెనూ కోసం స్క్రీన్ ముందు కాపలా కాయక్కర్లేదు. యూఈఎఫ్ఐలో బూట్‌నెక్స్ట్ అనే సదుపాయం ఉంది. "ఈ ఒక్కసారికి విండోస్" అని లినక్స్‌లోంచే చెప్పేయొచ్చు. తర్వాత మళ్లీ పాత వరసే.

అయితే ఒక్క నియమం తప్పొద్దు. ఒక ఓఎస్ హైబర్నేట్‌లో ఉండగా దాని డ్రైవ్‌లో రెండోది ఏమీ రాయకూడదు, ఫైళ్లు పాడవుతాయి. విండోస్ 8 నుంచి వచ్చిన ఫాస్ట్ స్టార్టప్‌తో ఇక్కడే చిక్కు. మీరు షట్‌డౌన్ నొక్కినా అది లోపల సగం హైబర్నేటే. రీస్టార్ట్‌లో ఆ గొడవ లేదు. పవర్ ఆప్షన్స్‌లో ఫాస్ట్ స్టార్టప్ ఆఫ్ చేసి, అదే పేజీలో హైబర్నేట్‌ని మెనూలోకి తెచ్చుకోండి. రెండింటికీ కావాల్సిన ఫైళ్లు పెన్‌డ్రైవ్‌లో ఉంచి, మారే ముందు ఎజెక్ట్ చేయండి. బిట్‌లాకర్ ఉంటే రికవరీ కీ కాగితం మీద రాసిపెట్టుకోండి. గడియారం ఐదున్నర గంటలు తేడా చూపిస్తే కంగారొద్దు: లినక్స్ యూటీసీ, విండోస్ మన టైమ్ పట్టుకుంటాయి, ఒక్క సెట్టింగ్‌తో సరిపోతుంది.

మన రివ్యూల్లో 32 జీబీ ల్యాప్‌టాప్‌ల మీద వర్చువల్ మెషీన్ ఎంత స్మూత్‌గా నడుస్తుందో చూపిస్తాం. 4 జీబీ వాడికి ఆ వీడియోతో ఒరిగేదేమీ లేదు. వాడికి ఇంకో ల్యాప్‌టాప్ కొనమని చెప్పడం సలహా కాదు. ఉన్నదాన్నే రెండు మెషీన్లుగా వాడుకోవడం నేర్పితే, అదీ సలహా.