జర్మనీ పోతున్న మనవరాలికి

చిరంజీవి చిట్టితల్లికి, యర్రగొండపాలెం నుంచి తాత దీవించి రాయునది. నీకు జర్మనీలో సీటొచ్చిందని మీ నాయన ఫోన్‌లో చెప్పాడు. చల్లగా పోయిరా తల్లీ. ఆ దేశం నుంచి మన దిక్కుకు వచ్చిన ఒకాయన సంగతి నీ చెవిన వేయాలనిపించింది.

ఆయన పేరు హుల్ట్ష్. 1857లో డ్రెస్డెన్‌లో పుట్టాడు. సంస్కృతంలో పండితుడై, బౌధాయన ధర్మసూత్రాలను పరిష్కరించి అచ్చువేయించాడు. 1886లో మద్రాసు ప్రభుత్వంలో శాసనాలు చదివే ఉద్యోగానికి వచ్చాడు. అప్పటికి ముప్పై ఏళ్లు కూడా నిండలేదు. ఆ పని ఎట్లా ఉంటుందంటే, రాయి కడిగి, తడికాగితం పరిచి, అక్షరాల గుంటల్లోకి దిగేదాకా బ్రష్షుతో కొట్టి, పైన మసి అద్దాలి. నల్లటి కాగితం మీద అక్షరం తెల్లగా తేలుతుంది. చదవడం ఆ తర్వాత సంగతి. 1903లో హాలె ఊరికి ప్రొఫెసరుగా పోయినా ఆయన మన రాళ్లను వదల్లేదు. మేఘదూతానికి వల్లభదేవుడి వ్యాఖ్యను అచ్చువేయించింది అక్కడుండగానే, మన మోటుపల్లి స్తంభశాసనం ప్రకటించిందీ అక్కడుండగానే. కాకతి గణపతిదేవుడు 1244 ప్రాంతంలో వేయించిన అభయశాసనం అది. గాలివానకు ఓడ ఒడ్డుకు కొట్టుకొస్తే, సరుకంతా రాజులే లాక్కునే రోజులవి. నేను సుంకం తప్ప ఇంకేమీ ముట్టనని గణపతిదేవుడు వర్తకులకు మాటిచ్చాడు. ఎంత పెద్దమనసమ్మా! వ్యాపారం తెలిసిన మనసు కూడాననుకో.

మనకు త్రిపురాంతకం పక్కనే గదా. 1290లో అంబదేవుడనే పాలకుడు వేయించిన శాసనం అక్కడి గుళ్లోదే. మా ఈడువాళ్లం గుళ్లకు పోయి దండాలు పెట్టాం గానీ, ఒక్క వరస చదవడం నేర్చుకోలేదు. ఒకచోట గుడి బాగుచేస్తున్నామని రాతి మీద రంగు పూస్తుంటే, నేను చందా కూడా ఇచ్చాను. గుంటల్లో రంగు గడ్డకడితే ఇంక ఏ కాగితమూ అక్షరాన్ని పట్టలేదు. మార్కాపురం పలకైతే తుడిచి మళ్లీ రాసుకుంటాం, శాసనం రాసినవాడు మళ్లీ రాడు.

నువ్వు కంప్యూటర్ చదువుకు పోతున్నావు, సంస్కృతం నేర్చుకోమనను. పోయేలోగా ఒక్క పూట నాకివ్వు. త్రిపురాంతకం శాసనాలు సౌత్ ఇండియన్ ఇన్‌స్క్రిప్షన్స్ పదో సంపుటంలో ఉన్నాయి, ఆ పుటలు ఫోన్‌లో పెట్టుకొనిరా. ఎండ ఏటవాలుగా పడేటప్పుడే అక్షరం బాగా అగపడుతుంది, మొదటి బస్సుకే పోదాం. నా కళ్లు ఆనవు, నువ్వే చదివి వినిపించాలి. అన్నం అవ్వ కట్టిస్తుంది.

నిండు నూరేళ్లు చల్లగా ఉండు.

ఇట్లు,
మీ తాత